ఈశ్వరమ్మ విరిచిన నార్వే మాటలు

కదిరి ఈశ్వరమ్మకు నార్వే ఎక్కడుందో తెలియదు. నాకూ తెలియదు. మా మేనేజరు రామ్మోహనరావుగారికి తెలుసని అందరం అనుకున్నాం గానీ, ఆయన గోడ మీది ప్రపంచపటంలో చాలాసేపు ఆఫ్రికా పక్కన వెతకడం నేను కళ్ళారా చూశాను. అయినా తొంభై ఎనిమిది దీపావళి వెళ్ళీ వెళ్ళగానే, నార్వే భాషలో ఉన్న మాటలన్నిటినీ విరగ్గొట్టే కాంట్రాక్టు మాకు వచ్చింది. ఆ రోజుల్లో హైదరాబాదులో ఇలాంటివి జరిగిపోతుండేవి, ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేచిన కొత్త. దాని చుట్టూ బండరాళ్ళు, తుమ్మచెట్లు, నీళ్ళ ట్యాంకర్లు తప్ప మరేమీ లేవు. కానీ ఆ మేడ కనపడినంత మేరా ఏ రేకుల షెడ్డు వేసినా దానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ అని పేరు. మాది త్రినేత్ర డేటావర్క్స్. విజిటింగ్ కార్డు మీద గుండ్రటి మేడ బొమ్మ ఉండేది. ఆఫీసు మాత్రం బాలనర్సయ్య ఫంక్షన్ హాలు పై అంతస్తులో కిరాయికి ఉండేది. కింద పెళ్ళిళ్ళు, పైన కంప్యూటర్లు. ముహూర్తాల రోజుల్లో బ్యాండు మోగితే మా వేళ్ళు కీబోర్డు మీద ఆ దరువుకే పడేవి. మాఘమాసంలో మా పని వేగం పెరుగుతోందని రామ్మోహనరావుగారు గ్రాఫులు గీసి యజమానులకు పంపేవారు. కారణం మాత్రం రాసేవారు కాదు.

ఈశ్వరమ్మకు నలభై దాటాయి. పెళ్ళికి ముందు కదిరిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని, అక్కడే కొన్నాళ్ళు నేర్పింది కూడా. ఆ అలవాటుకి కంప్యూటరు కీబోర్డును కూడా టైపు మిషన్‌ను బాదినట్టే బాదేది. ఆవిడ కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయి నల్లటి పలకల్లా మిగిలాయి. గంజి పెట్టిన నూలుచీర, క్యారేజీలో ఉగ్గాని, నోటినిండా మాటలు. తప్పు చేసినా గట్టిగా చేసే మనిషి. నేను తణుకు నుంచి వచ్చిన దాన్ని, ‘అండీ’ అనకుండా నోరు తెరవలేని దాన్ని. మొదటి వారం ఆవిణ్ణి చూసి భయపడ్డాను, రెండో వారం నుంచి ఆవిడ ఉగ్గాని నేనూ, నా పులిహోర ఆవిడా తినడం మొదలుపెట్టాం.

ఆవిడకు ఒకటే పట్టుదల. ఆ ఉద్యోగం పర్మనెంట్ కావాలి. భర్త రంగనాథ్ పశుసంవర్ధక శాఖలో సీనియర్ అసిస్టెంటు. సొంతూరు కదిరికి బదిలీ కావాలని ఆయనే దరఖాస్తు పెట్టుకున్నాడు. కదిరిలో నలుగురు అన్నదమ్ములు, ఒకటే వంటిల్లు. హైదరాబాదు రాకముందు ఆ వంటింట్లో పెద్దకోడలిగా ఈశ్వరమ్మ ఏళ్ళ తరబడి సంగటి గెలికింది. హఫీజ్‌పేట్‌లో రెండు గదుల ఇల్లు దొరికాక ఆవిడ మొట్టమొదట చేసిన పని, ఒక ఆదివారం అసలు వంటే చేయకపోవడమట. ఈ కథ నాకు చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ముఖం వెలిగిపోయేది. బదిలీ సంగతి తెలిసినప్పుడు ఇంట్లో పెద్ద రగడ జరిగి, చివరికి మొగుడూపెళ్ళాలు ఒక ఒప్పందానికి వచ్చారు. ఉగాదిలోపల ఆవిడ ఉద్యోగం పర్మనెంట్ అయితే ఆవిడా పిల్లలూ ఇక్కడే, ఆయన వారం వారం వచ్చిపోతాడు. కాకపోతే అందరూ కదిరికి.

“టెంపరవరీ ఉద్యోగానికి సంసారాన్ని రెండు తుంపులు చేస్తామా అంటాడు మే. అదీ న్యాయమే. అందుకే పర్మనెంట్ చేయించుకోవల్ల,” అనేది నాతో.

ఇక పని సంగతి. నార్వేలో ఒక కంపెనీ పత్రికల పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తోంది. వాళ్ళ మాటలు మహా పొడుగు. రెండు మూడు మాటల్ని మధ్యలో ఖాళీ కూడా వదలకుండా అతికించి ఒకే నామవాచకం చేసేస్తారు. మనకు బళ్ళో సమాసాలని చెప్పేవారే, అదే. కాకపోతే మనం పరీక్ష అయిపోగానే మర్చిపోతాం, వాళ్ళు వాటితోనే కూరగాయలు కొనుక్కుంటారు. ‘బార్నె’ అంటే పిల్లల, ‘హాగె’ అంటే తోట, కలిపితే బార్నెహాగె, చిన్నపిల్లల బడి. ఇదంతా నాకు తర్వాత తెలిసిందే లెండి. అంత పొడుగు మాట లైను చివర పట్టకపోతే దాన్ని ఎక్కడ విరిచి కింది లైనులోకి దించాలో కంప్యూటరుకు చెప్పాలి. నిఘంటువులో మాటలన్నీ మాకు పంపారు. విరగాల్సిన చోట అడ్డగీత కొట్టడం మా పని. నియమాల పుస్తకం నార్వే భాషలోనే వచ్చింది, ఇంగ్లీషులో ఉన్నది వెనక పంపిస్తామని రాశారు.

“అది వచ్చేదాకా ఆగితే మంచిదేమోనండీ,” అన్నాను నేను.

“మాట విరవడానికి పుస్తకం ఎందుకమ్మా వాసంతీ? నోటితో పలికి చూస్తే ఎక్కడ విరుగుతుందో తెలీదూ?” అన్నారు రామ్మోహనరావుగారు. ఆయన కాకినాడలో నీటిపారుదల శాఖ సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. మీద నుంచి పుస్తకం రాకుండానే పని మొదలుపెట్టి, వచ్చాక పనికి తగ్గట్టు పుస్తకాన్ని చదువుకోవడం ఆయనకు ముప్పయ్యేళ్ళ అలవాటు.

మా పనిలో తప్పులు పట్టే పద్ధతి ఒకటుండేది. ఒకే జాబితాను వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరికి ఇస్తారు. ఇద్దరూ విడివిడిగా కొడతారు. తర్వాత కంప్యూటరు రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోటల్లా ఎర్రగా చూపిస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చేయరు కదా, కాబట్టి తేడా లేకపోతే పని ఒప్పు అన్నమాట. డబుల్ కీయింగ్ అనేవాళ్ళం. ఈశ్వరమ్మకు జంట నేను. ఆవిడ వీధి వైపు గదిలో, నేను వంటశాల పొగ వచ్చే గదిలో.

మొదటి జాబితా పోల్చినప్పుడు తెర మీద ఎరుపు దాదాపు లేదు. రెండోదీ అంతే. అంతకుముందు ఒక ఇంగ్లీషు బీమా కంపెనీ పని చేసినప్పుడు తెర హోలీ ఆడినట్టుండేది. రామ్మోహనరావుగారు ఆనందం పట్టలేక ‘నూటికి నూరు శాతం నాణ్యత’ అని బోర్డు రాయించి మెట్ల దగ్గర తగిలించారు. కింద ఎవరిదో నిశ్చితార్థంలో మిగిలిన లడ్డూలు తెచ్చి మా అందరికీ పంచారు. “ఈ కాంట్రాక్టు ఒడ్డెక్కనీ ఈశ్వరమ్మా, నీ ఆర్డరు నేనే టైపు చేయిస్తాను,” అన్నారు.

“నేనే టైపు చేసుకుంటా సార్, మీరు సంతకం పెట్టండి చాలు,” అంది ఆవిడ.

మాఘమాసంలో నార్వే నుంచి టోర్‌స్టెయిన్ అనే ఇంజనీరు దిగాడు. వస్తున్నానని చెప్పాడు గానీ ఎందుకు వస్తున్నాడో చెప్పలేదు. మెచ్చుకోవడానికే అనుకున్నాం. గుమ్మం తగిలేంత పొడుగు, ఎండకు కందిన ముఖం. ఆయన కారు దిగే సమయానికి కింద మగపెళ్ళివారి చుట్టాలు ఆఖరి బస్సు దిగుతున్నారు. ఎవరో ఆయన్నీ మగపెళ్ళివారి లెక్కలో వేసుకుని పన్నీరు చల్లి, గంధం రాసి, లోపలికి తీసుకుపోయారు. మేం వెతుక్కుని పైకి తెచ్చేసరికి చేతిలో కొబ్బరికాయ కూడా ఉంది. అంత మర్యాద జరిగాక మనిషి కోపంగా మాట్లాడటం కష్టమే, అయినా మాట్లాడాడు.

బల్ల మీద ఒక కాగితం పరిచాడు. ఎడమవైపు సరైన విరుపులు, కుడివైపు నేనూ ఈశ్వరమ్మా కొట్టినవి. బార్నె-హాగె అని ఉండాల్సిన చోట మేం బా-ర్నె-హా-గె అని కొట్టాం. టాన్‌లేగె అంటే వాళ్ళ భాషలో పళ్ళ డాక్టరు, టాన్ అంటే పన్ను. మేం టా-న్లే-గె అని కొట్టి ఆ పన్నును సగానికి విరిచాం. సొమ్మెర్‌ఫూగ్ల్ అంటే వేసవిపిట్ట, అనగా సీతాకోకచిలుక. మా చేతిలో దాని రెక్కలు దేనికవి అయిపోయాయి.

“తప్పులు ఎవరైనా చేస్తారు,” అన్నాడు టోర్‌స్టెయిన్ ఇంగ్లీషులో, నెమ్మదిగా. “కానీ వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరు, ప్రతి మాటలోనూ, ఒకే చోట, ఒకే తప్పు చేయరు. ఒకరు చేసింది ఇంకొకరు కాపీ చేశారు. మీ కంపెనీని నేనిక నమ్మలేను.”

డేటా పనిలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. రామ్మోహనరావుగారు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నియమాల పుస్తకం రాకుండానే పని మొదలుపెట్టించిన సంగతి బయటపడేకంటే, ఇద్దరు ఆడవాళ్ళు కాపీ కొట్టారనడం ఆయనకు తేలిక. “మాకూ అనుమానంగానే ఉంది సార్,” అని ఇంగ్లీషులో అనేసి, మా వైపు తిరిగి తెలుగులో గొంతు తగ్గించారు. “చూడండమ్మా, మీరిద్దరూ పొరపాటైందని ఒప్పేసుకోండి. ఇద్దరు పోతే మిగతా వాళ్ళకి కాంట్రాక్టు నిలుస్తుంది. తర్వాత ఎక్కడో ఒకచోట నేనే చూపిస్తాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మెట్ల దగ్గర బోర్డు కూడా మేమే కాపీ కొట్టామా అండీ?” అని అరిచాను. నాకేం, పెళ్ళి కాని దాన్ని, అమీర్‌పేట పోతే ఇంకో కంపెనీ దొరుకుతుంది. ఈశ్వరమ్మకు అలా కాదు. దొంగ అని పేరు పెట్టి పంపిస్తే ఇంకెవరు తీసుకుంటారు? ఉగాది ఎంతో దూరం లేదు.

“తప్పు చేసినామంటే ఒప్పుకుంటా సార్,” అంది. “దొంగతనం చేసినామంటే మాత్రం ఒప్పుకునేది లేదు.”

అని కాగితం దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. బా, ర్నె, హా, గె. టా, న్లే, గె. పెదాలు కదులుతున్నాయి. ఉన్నట్టుండి నా భుజం మీద చరిచింది.

“మే వాసంతీ! ఇది నువ్వూ నేనూ చేసిండేది కాదు. ఒకటో తరగతి అయివారు చేసిండేది!”

అయివారంటే బడిపంతులని తెలుసు గానీ, ఆవిడ అన్నది నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ నా పెన్ను లాక్కుని అదే మాటను తెలుగులో రాసి చూపించింది. ‘బార్నె’ అని రాస్తే ర, నె విడివిడిగా ఉండవు. ర్నె ఒకే అక్షరం, రకు కింద న ఒత్తు. పలక మీద దిద్దిన రోజు నుంచీ మన కంటికి అది ఒకటే ముక్క. దాన్ని చీల్చి ర్‌ను పై లైనులో, నెను కింది లైనులో పెట్టాలని మనకు కలలో కూడా తోచదు. ఈ గదిలో ఆవిడా, ఆ గదిలో నేనూ ఎవరి మనసులో వాళ్ళం తెలుగులో రాసుకుని, అక్షరానికో గీత కొట్టుకుంటూ పోయాం. పక్కగది కాదు, పక్క జిల్లాలో కూర్చోబెట్టినా అదే కొడతాం.

నేనిదంతా ఇంగ్లీషులో చెప్పాను. టోర్‌స్టెయిన్ మర్యాదగా విని, తల అడ్డంగా ఊపాడు. “మీరిద్దరూ కలిసి ఇప్పుడు కట్టిన కథ కావచ్చు.”

“ఏమంటాడు?” అంది ఈశ్వరమ్మ. చెప్పాను. “అట్లనా? కింద పెండ్లి జరుగుతాంది. మూడు సీమల మనుషులూ ఉండారు. వాళ్ళనే అడుగుదాం, పిలువు ఆయన్ను. పా.”

టోర్‌స్టెయిన్‌ను మళ్ళీ కిందికి దించాం. తాళి కట్టడం అయిపోయింది, రెండో పంక్తి కూర్చోబోతోంది. ఈశ్వరమ్మ ఎవరినీ అడగకుండా ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు లాగి, వీపుకు వీపు ఆనేలా వేసింది. పెళ్ళి చేయించిన పంతులుగారిని ఒకదాంట్లో, గుంటూరు నుంచి వచ్చిన పెళ్ళికూతురి మేనమామ సుబ్రహ్మణ్యంగారిని ఒకదాంట్లో, పెళ్ళికూతురి చెల్లెలు నీహారికను ఇంకోదాంట్లో, నాలుగోదాంట్లో హాలు యజమాని బాలనర్సయ్యను కూలేసింది. తలా ఒక శుభలేఖ తిరగేసి చేతికిచ్చింది.

“ఏంది మేడమ్, గిట్ల? నాతోని పరేషాన్ ఏంది? పప్పు సల్లగైతది, జర జల్ది కానీయుండ్రి,” అన్నాడు బాలనర్సయ్య.

గిన్నెలు తోమే కొమురమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. “పెండ్లిల గీ పరీచ్ఛ ఏందక్కా?” అంది.

“నేను ఒక మాట చెప్తా. తెలుగులో రాయండి. రాసినాక అక్షరానికీ అక్షరానికీ నడుమ గీత గీయండి. పక్కోళ్ళది చూడద్దండి, మీకు పుణ్యముంటుంది,” అంది ఈశ్వరమ్మ. టోర్‌స్టెయిన్ తన నోటితోనే మాట చెప్పాడు. బార్నెహాగె. తర్వాత టాన్‌లేగె, ఆవిడ దాన్ని కలిపి పలికి వినిపించింది. నలుగురూ బుద్ధిగా రాశారు. పంతులుగారు అలవాటు కొద్దీ పైన శ్రీకారం కూడా చుట్టారు.

టోర్‌స్టెయిన్ శుభలేఖలు తీసుకుని పేకముక్కల్లా పట్టుకున్నాడు. తెలుగు రాకపోయినా గీతలు లెక్కపెట్టడం వచ్చు కదా. నాలుగింట్లోనూ గీతలు అవే చోట్ల ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ చదివి చెప్పాను. బా, ర్నె, హా, గె. టా, న్లే, గె. మా కాగితం మీద ఉన్నవీ అవే.

“ఇందులో పరీక్ష ఏముందండీ? ఎవరు విరిచినా ఇంతేగా!” అన్నారు సుబ్రహ్మణ్యంగారు.

టోర్‌స్టెయిన్ నా చేత పంతులుగారిని అడిగించాడు, ఆ ర్‌ను ముందు ముక్కకు ఎందుకు వదల్లేదని. పంతులుగారు ఆయన వైపు జాలిగా చూశారు. “అంటుకుని ఉన్నదాన్ని ఎలా ఊడబీకుతాం నాయనా?”

అది ఇంగ్లీషులో చెప్పగానే టోర్‌స్టెయిన్ పగలబడి నవ్వాడు. నవ్వి, ఖాళీ కుర్చీలో కూలబడి, ఈశ్వరమ్మకు చేయి చాచి క్షమాపణ అడిగాడు. ఆవిడ చేయి ఇవ్వలేదు, దణ్ణం పెట్టింది. ఎవరో ఆయన ముందు అరిటాకు వేశారు. పక్కన మేమూ కూర్చున్నాం. పిలవని పెళ్ళిలో అంత ధైర్యంగా నేనెన్నడూ తినలేదు.

తింటూ ఆయన తమ మాటల సంగతి చెప్పాడు. మాటను అక్షరాలుగా కాదు, అతుకు దగ్గర విరవాలట. సీకె అంటే జబ్బు, హూస్ అంటే ఇల్లు, సీకె-హూస్.

“దవా, ఖానా. దవాఖాన! గదే గద?” అన్నాడు బాలనర్సయ్య పప్పు కలుపుకుంటూ.

“కొన్నిచోట్ల రెండు మాటల మధ్య ఒక ‘స’ వచ్చి చేరుతుంది,” అన్నాడు టోర్‌స్టెయిన్. “అర్బైడ్ అంటే పని, ప్లాస్ అంటే చోటు. కలిపితే అర్బైడ్స్‌ప్లాస్. ఆ స ముందు మాటతోనే ఉండాలి.”

నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే ఈశ్వరమ్మ చేయి ఆపింది. “నిలువూ అద్దమూ కలిస్తే నిలువుటద్దం అనమా? నడుమ ట యాడ నుంచి వచ్చిందని ఎవరన్నా అడుగుతారా? వాళ్ళకు స, మనకు ట. అంతే కదా? అతుకు యాడుందో చూసి ఆడ విరవల్ల. ఇది ముందే చెప్పింటే ఇంత రచ్చ ఉండేదా?”

తప్పు తమదీ ఉందని టోర్‌స్టెయిన్ ఒప్పుకున్నాడు, ఇంగ్లీషు పుస్తకం పంపకపోవడం తమ ఆలస్యమేనట. ఎప్పుడూ ఒకేలా చేసే తప్పును దిద్దడం తేలికేనని, హల్లులు తప్పిన చోట ప్రోగ్రామ్ సర్దుతుందని, అతుకులు మాత్రం మనుషులే మళ్ళీ చూడాలని అన్నాడు. ఆ పని ఈశ్వరమ్మే చూడాలన్నాడు. రామ్మోహనరావుగారు ఎదురు వరసలో పూర్ణం బూరె నోట్లో పెట్టుకుని, ప్రమాదం తప్పిందన్న తృప్తితో నములుతున్నారు.

“వాసంతీ, నేను ట్రైనీనని చెప్పు ఆయనకు,” అంది ఈశ్వరమ్మ. “మళ్ళా పని మొదలయ్యేతలికి ఉంటానో ఉండనో నాకే తెల్దని చెప్పు.”

ఇంత ఇష్టంగా నేను జీవితంలో ఏదీ అనువాదం చేయలేదు. టోర్‌స్టెయిన్ రామ్మోహనరావుగారి వైపు తిరిగాడు. “ట్రైనీయా? మీ సిబ్బంది అంతా పర్మనెంట్ అని కదా మీరు కాంట్రాక్టులో రాశారు?”

బూరె అటూ పోలేదు, ఇటూ రాలేదు. రామ్మోహనరావుగారు మంచినీళ్ళు తాగి, పెళ్ళివారందరూ చూస్తుండగా, “ఎస్ ఎస్, పర్మనెంట్. ఆవిడ ఎప్పుడూ పర్మనెంటే,” అన్నారు. మర్నాడు ఈశ్వరమ్మ తన ఆర్డరు తానే టైపు చేసుకుని సంతకానికి పెట్టింది. నాది కూడా కొట్టింది, ఆ వరసలో నాదీ అయిపోయింది.

ఆ సాయంత్రం జిలేబీ కొనుక్కుని నేనూ హఫీజ్‌పేట్ వెళ్ళాను. రంగనాథ్‌గారు నేత మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. నెమ్మదైన మనిషి, నన్ను చూసి లేచి చొక్కా వేసుకున్నారు. ఆర్డరు చేతికిస్తే పూర్తిగా చదివి, వెనక్కి తిప్పి అక్కడా చూసి, “సంతోషం,” అన్నారు. తర్వాత దాన్ని వచ్చిన మడతల మీదే మడిచి ఆవిడకిచ్చారు.

“రాదనుకున్న్యా ఈశ్వరీ,” అన్నారు చివరికి. “రాకూడదని కూడా అనుకున్న్యా.”

నేను జిలేబీ పొట్లం పట్టుకుని ఎటు చూడాలో తెలియక గోడ చూస్తున్నాను.

“బదిలీ అడిగింది మీరు. నేను కాదు,” అంది ఈశ్వరమ్మ. గొంతు గట్టిగానే ఉంది గానీ కూర్చోడానికి చోటు వెతుక్కుంటోంది.

“మా వాళ్ళ దగ్గరికి పోవల్లని నాకుండాది. నువ్వు లేకుండా పోవల్లని లేదు.”

నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ మనిషి అబద్ధం చెప్పలేదు, మాట తప్పనూ లేదు. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ సంతోషంగా లేరు. అన్నాళ్ళూ ఈశ్వరమ్మ కదిరి వంటింటితో పోట్లాడుతున్నాననుకుంది. ఎదురుగా ఉన్నది ఈయన అని ఆ పొద్దే తెలిసింది ఆవిడకు. రాత్రి పిల్లలు జిలేబీ తిన్నారని మర్నాడు చెప్పింది, తాము తిన్నామో లేదో చెప్పలేదు.

ఉగాది వెళ్ళాక రంగనాథ్‌గారు ఒక సూట్‌కేసుతో కదిరి వెళ్ళిపోయారు. ఆ వారమంతా ఈశ్వరమ్మ నార్వే మాటల అతుకులు వెతుకుతూ తల ఎత్తలేదు. మేమిద్దరం మళ్ళీ జంటే. ఈసారి తెర మీద బోలెడు ఎరుపు వచ్చేది, కాపీ అని ఇక ఎవరూ అనలేరని ఆ ఎరుపు చూసి ఇద్దరం సంతోషించేవాళ్ళం. ఆదివారం ఆయన వచ్చారు. సోమవారం ఆవిడ ఆఫీసుకు వచ్చి, క్యారేజీ పెట్టి, కీబోర్డు ముందు కూర్చుని కూడా కొట్టడం మొదలుపెట్టలేదు. నేనే అడిగాను, సార్ వచ్చారా అండీ అని.

“వచ్చినాడు మే. తలుపు తీసే ఉండాది. చెప్పులు విడిచి, సంచి పట్టుకుని, గడపకు అవతలే నిలబడినాడు. ‘లోపలికి రావచ్చునా ఈశ్వరీ’ అన్న్యాడు.”

“మీరేమన్నారు?”

“‘మీ ఇల్లే కదా’ అనల్ల కదా? నోట్లోకి రాలేదు.” ఆ రోజు జాబితా తెరిచింది. “‘రాండి’ అన్న్యా, అంతే.”